అతుకు లేని మూల

ఈ శీర్షిక చూసి, గృహవిజ్ఞానం చదివే అమ్మాయిల వ్యాసమేదో దారి తప్పి ఇటు వచ్చిందనుకునే మిత్రులు ఉంటారని నాకు తెలుసు. సంచికకు ఏదైనా రాయమని మన సంఘ కార్యదర్శి అడిగినప్పుడు "అల్లిక మీద రాస్తాను" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "నువ్వు ఫిజిక్సు కదూ?" అన్నాడు. ఫిజిక్సే. అందుకే రాస్తున్నాను. హాస్టల్లో నా గదికి "టైలర్ షాపు" అని పేరు పెట్టిన మహానుభావులకు కూడా ఇందులో జవాబు ఉంది. నేను చేసే పనిలో కుట్టు అనేదే లేదు. అసలు తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆ తంటా ఏమిటో ముందు చెప్తాను. ఒక కాగితం తీసుకుని దానితో సుద్దముక్కల డబ్బా మూల ఒకటి తయారు చెయ్యండి. కాగితాన్ని మడిచినంత మాత్రాన మూల రాదు. అంచు వస్తుంది, మూల రాదు. మూల కావాలంటే కాగితంలో పావు భాగం కత్తిరించి పారేసి, మిగిలిన రెండు అంచుల్నీ దగ్గరికి లాగి అతికించాలి. లేదా ఆ పావు భాగాన్ని లోపలికి మడిచి దాచాలి. మిఠాయి కొట్టువాడు పొట్లం కట్టేటప్పుడు చేసేది ఈ రెండోదే. గుడ్డ విషయంలోనూ ఇంతే. దిండుగలీబు మూల చూడండి, కుట్టు ఉంటుంది. కత్తిరింపు, అతుకు రెండూ లేకుండా పదునైన మూల తెప్పించడం ఎలాగ? ప్రశ్న ఇదీ.

చిన్నప్పుడు మనమందరం ఈ ప్రశ్నకు జవాబు చేత్తో పట్టుకుని ఆడుకున్నాం. కొబ్బరాకు బంతి గుర్తుందా? నాలుగు ఆకుపేళ్ళు ఒకదాని కిందుగా ఒకటి దూర్చి అల్లితే గళ్ళగళ్ళుగా చిన్న పెట్టెలాంటి బంతి వస్తుంది. అది బంతి పేరున్న ఘనం. ఎనిమిది మూలలు, ఎక్కడా అతుకు లేదు. దానిని కాస్త పరిశీలనగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చదునుగా అల్లిన చాపలో ఏ బిందువు చుట్టూ చూసినా నాలుగు గళ్ళు ఉంటాయి. ఈ బంతి మూల దగ్గర మాత్రం మూడే గళ్ళు. అక్కడ నాలుగో గడి కత్తిరించలేదు, అసలు పుట్టనే లేదు. అల్లికకీ కాగితానికీ తేడా అదే. కాగితం ముందు పుట్టి తర్వాత కోత పడుతుంది. అల్లిక తనకు కావలసిన లోటుతోనే పుడుతుంది.

లోటు అన్నాను కదా, దీనికి లెక్క ఉంది. చదునైన చోట ఒక బిందువు చుట్టూ 360 డిగ్రీలు. డబ్బా మూల దగ్గర మూడు లంబకోణాలు, అంటే 270. లోటు 90. ఘనానికి మూలలు 8 కాబట్టి మొత్తం లోటు 720 డిగ్రీలు. ఇప్పుడు నాలుగు సమబాహు త్రిభుజాల పిరమిడ్ తీసుకోండి. ఒక్కో మూల దగ్గర మూడు అరవైలు, 180. లోటు 180. మూలలు 4. మొత్తం మళ్ళీ 720! కుంభాకారంగా మూసుకున్న ఏ బహుముఖి తీసుకున్నా మొత్తం లోటు 720 డిగ్రీలే అవుతుందని డెకార్ట్ కనిపెట్టాడు. మనకు గ్రాఫు కాగితం మీద ఎక్స్, వై అక్షాలు గీసే అలవాటు చేసిన మహానుభావుడే. ఆయన 1650లో స్వీడన్‌లో చనిపోయాక ఆయన కాగితాల పెట్టెను ప్యారిస్‌కు పడవలో తెస్తుంటే అది సెన్ నదిలో మునిగిపోయింది. పైకి తీసి ఆ కాగితాలు ఆరబెట్టారట. 1676లో లైబ్నిజ్ వాటిలో కొన్నింటిని తన చేత్తో నకలు రాసుకున్నాడు. అసలు ప్రతి పోయింది. నకలు దాదాపు రెండు వందల ఏళ్ళు ఎవరి కంటా పడకుండా ఉండి 1860 ప్రాంతంలో అచ్చయింది. వరదలో తడిసిన విత్తనాలు ఆరబోసుకునే మాబోటి వాళ్ళకు ఈ కథ భలేగా నచ్చుతుంది.

మాది నరసాపురానికి దగ్గర పల్లె. ఉన్న కొద్ది పొలంలో నాన్న వరి వేస్తాడు. అమ్మ లేసు అల్లుతుంది. మా వైపు ఇంటింటా ఉన్నదే ఈ లేసు పని. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీలు నేర్పారని చెప్తారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు 1982లో మా లేసు ఆడవాళ్ళ మీద పెద్ద పుస్తకమే వేసింది. రోజంతా అల్లే ఈ ఆడవాళ్ళను కార్మికులని ఎవరూ అనరు, తీరిక వేళ ఏదో అల్లుకునే ఇల్లాళ్ళంటారు, అందుకే కూలి అంత తక్కువ, అని ఆమె వాదన. నా హాస్టలు డబ్బులో సగం ఆ తీరిక వేళలోంచే వస్తోంది గనక నేను ఆ మాటకు అడ్డు చెప్పను.

లేసు పనిలో రెండు రకాలు. పువ్వులూ, బిళ్ళలూ విడివిడిగా అల్లేది చేతిపని. వాటిని కలిపి పెద్ద టేబులు గుడ్డ చేసేది అతుకుపని. అతుకుపని వేరే విద్య. మా అమ్మ చేతిపనిలో దిట్ట. ఆవిడకు గణితం రాదు, కాని చదునుగా గుండ్రటి బిళ్ళ రావాలంటే పొట్టి కన్నులతో అల్లినప్పుడు వరసకు ఆరు చొప్పున పెంచాలని తెలుసు. (అల్లికలో ఒక్కో ఉచ్చునీ మావాళ్ళు కన్ను అంటారు, వల కన్నులాగే.) ఎందుకు ఆరు? చుట్టు అనేది వ్యాసార్థానికి రెండు పైల రెట్లు. వరసకు వ్యాసార్థం ఒక కన్నంత పెరిగితే చుట్టు ఆరు కన్నుల పైచిల్లర పెరుగుతుంది. ఆరుకు బదులు నాలుగే పెంచితే బిళ్ళ ముడుచుకుని గిన్నె అవుతుంది. పది పెంచితే కుచ్చెళ్ళు పడుతుంది. ఆ కుచ్చెళ్ళనే కావాలని అల్లి, డైనా టైమినా అనే గణిత ఉపాధ్యాయురాలు 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో యూక్లిడ్‌కు లొంగని తలాన్ని విద్యార్థుల చేతికిచ్చింది. అదీ మా అమ్మ చేతిలో ఉండే కొక్కెం సూదితోనే.

నేను పట్టుకున్నది కొక్కెం కాదు, రెండు సూదుల అల్లిక. కారణం తర్వాత చెప్తాను. ముందుగా మూలల విద్య పట్టుబడాలని మా ల్యాబులో తూకపురాళ్ళ పెట్టెకు తొడుగు ఒకటి అల్లాను. పైకప్పు, నాలుగు గోడలు, కింద తెరిచే ఉంటుంది. పైకప్పును గార్టరు అల్లికతో దీర్ఘచతురస్రంగా అల్లాను. గార్టరు అంటే రానూ పోనూ ఒకే రకం కన్ను వెయ్యడం. దాని సుగుణం ఏమిటంటే, రెండు వరసల ఎత్తు సరిగ్గా ఒక కన్ను వెడల్పుకి సమానం. లెక్కలు వేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? రెండు వరసలకో కన్ను చొప్పున నాలుగు అంచుల నుంచీ కన్నులు ఎత్తుకుని, చుట్టూ తిరుగుతూ గోడలు దింపుకుంటూ పోవడమే. మూల దగ్గర ఒక్క కన్ను కూడా పెంచకూడదు. పెంచితే గోడ కిందికి దిగకుండా పైకప్పే ఇంకా విశాలమవుతుంది. పెంచడం ఆపడమే మూల. పైకప్పుది 90, రెండు గోడలవి రెండు 90లు. మొత్తం 270, లోటు 90, అతుకు లేదు.

కాని అల్లి చూస్తే అది పెట్టె తొడుగులా లేదు, బోర్లించిన గిన్నెలా ఉంది. లెక్క సరిగ్గానే ఉంది, రూపం మాత్రం రాలేదు. దీని మీద నాలుగు రోజులు ఆలోచించాను. చివరికి తేలిందేమిటంటే మూల వేరు, అంచు వేరు. మూలలో లోటు ఉంటుంది, అది లెక్కతో వస్తుంది. అంచులో లోటేమీ లేదు. మడత విప్పితే అది చదునే. కాబట్టి అంచును లెక్క తేలేదు, నూలుకు ఇక్కడ మడత పడమని వేరే చెప్పాలి. పైకప్పు అంచున ఒక్క వరస తిరగ కన్ను, అంటే పర్లు, వేస్తే అక్కడ గట్టులాంటి గీత లేస్తుంది. గుడ్డ దాని మీదే విరుగుతుంది. నాలుగు నిలువు అంచుల మీద ఒక్కో కన్నును ఒక వరస అల్లి, ఒక వరస అల్లకుండా సూది మార్చేస్తే ఆ నిలువు గీత బిగిసి నిటారుగా నిలబడుతుంది. ఈ రెండూ చేశాక తూకపురాళ్ళ పెట్టె తొడుగు మూలలు వేలితో తడిమితే గుచ్చుకునేలా వచ్చాయి. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి అతుకు కోసం వెతికి, "ఎక్కడ దాచావురా?" అన్నారు. నా విద్యార్థి జీవితంలో ఇంతకు మించిన మెప్పు రాలేదు.

గిన్నెకూ పెట్టెకూ మొత్తం లోటు ఒకటేనని కూడా అక్కడే అర్థమైంది. ఒకవైపు మూసుకుని, ఇంకోవైపు తిన్నగా తెరిచి ఉండే ఏ తొడుగుకైనా లోటు 360 డిగ్రీలే. తూకపురాళ్ళ పెట్టె తొడుగులో ఆ 360 నాలుగు మూలల్లో నాలుగు 90లుగా పోగుపడింది. గిన్నెలో అదే 360 ఒళ్ళంతా పల్చగా పరుచుకుంది. అంటే పదును అనేది లోటు ఎంత అన్న దాన్ని బట్టి రాదు, ఎక్కడ పోగేశామన్న దాన్ని బట్టి వస్తుంది. ఒకచోట పోగేస్తే మూల, చల్లేస్తే గోపురం. నాకు అసలు పని దగ్గర ఉపయోగపడింది ఈ ఒక్క ముక్కే.

అసలు పని మేజోళ్ళు.

నాన్నకు చక్కెర వ్యాధి వచ్చి పన్నెండేళ్ళయింది. రెండేళ్ళ కిందట పాదాల్లో స్పర్శ తగ్గింది. డాక్టరు గారు నైలాను పోగు ఒకటి తీసుకుని అరికాలి మీద అక్కడక్కడ నిలువుగా ఆనించి నొక్కుతూ, తెలుస్తోందా అని అడిగారు. ఆ పోగు సరిగ్గా 10 గ్రాముల బరువంత ఒత్తిడికి వంగుతుంది. ఇంకా నొక్కినా వంపు పెరుగుతుందే గాని ఒత్తిడి పెద్దగా పెరగదు. నిలువు కమ్మీ ఎంత బరువుకు వంగుతుందో లెక్క కట్టిన ఆయిలర్ సూత్రం మేము అదే నెలలో చదువుకుంటున్నాం. గోడ పక్కన నిలబడి చూస్తున్న నాకు సూత్రం గుర్తొచ్చింది. నాన్న మాత్రం కళ్ళు మూసుకుని "ఎక్కడండీ? మొదలెట్టారా?" అన్నాడు. అప్పటికి ఆయన ఆరు చోట్ల నొక్కేశారు.

చెప్పులు లేకుండా తిరగొద్దు, రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి, మెత్తటి ఎమ్.సి.ఆర్. రబ్బరు చెప్పులు వాడాలి, మేజోళ్ళు వేసుకుంటే బిగుతుగా ఉండకూడదు, లోపల అతుకు ఉండకూడదు అన్నారు. వరి చేలో మేజోళ్ళతో దిగేవాడు ఎవడూ ఉండడు గాని, గట్టు మీద, ఇంట్లో, ఊళ్ళోకి వెళ్ళినప్పుడు వేసుకోవచ్చు కదా. నాన్న ఒప్పుకోలేదు. "మేజోళ్ళేవిట్రా, నేనేమన్నా కలెక్టర్నా?" అన్నాడు. అమ్మ పోరగా పోరగా ఒక జత కొన్నాడు. పదో రోజు రాత్రి మేజోడు విప్పితే చిటికెనవేలి దగ్గర నెత్తురు మరక. వేళ్ళ మీదుగా అడ్డంగా పోయే అతుకు ఒరుసుకుని పుండు పడింది. నాన్నకు తెలియనే లేదు. మనబోటి వాళ్ళకైతే పదడుగులు వెయ్యగానే తెలిసి సర్దుకుంటాం. ఆయన ఆ కాలితో రోజంతా ఎరువు మోయించాడు. మానడానికి ఏడు వారాలు పట్టింది. వేలు దక్కింది. పక్క ఊళ్ళో మా బంధువు ఒకాయనకు దక్కలేదు.

మేజోడుకు అతుకు ఎందుకు వస్తుందంటే యంత్రం గొట్టాన్ని సులభంగా అల్లుతుంది. మడమ దగ్గర గిరగిరా తిరగడం మాని అటూ ఇటూ ఊగుతూ అల్లి వంపు తెస్తుంది. తీరా వేళ్ళ కొస మూసేది వేరే పనిగా, ఎక్కువ మిల్లుల్లో ఇంకో యంత్రం మీద, కుట్టుగానో గొలుసుగానో జరుగుతుంది. నాటింగ్‌హామ్ దగ్గర కాల్వర్టన్ వాడైన విలియం లీ 1589లో మొట్టమొదటి అల్లిక యంత్రం కట్టినప్పటి నుంచీ ఈ చిక్కు ఉన్నదే. ఆయన యంత్రం చదును గుడ్డే అల్లేది, వెనక నిలువునా కుట్టు వెయ్యాల్సి వచ్చేది. అతుకు లేకుండా మొత్తం బట్టను ఒకే ముక్కగా అల్లే యంత్రాన్ని జపానులోని షిమా సెయికి సంస్థ 1995లో మిలాన్ ప్రదర్శనలో చూపించింది. ఆ సంస్థ మొదట చేతి తొడుగుల యంత్రాలతో ఎదిగిందే. వేళ్ళ మధ్య అతుకు లేకుండా అల్లడం నేర్చినవాడికి చొక్కా ఒక లెక్కా!

అతుకు ఒరుసుకోవడం సైనికులకూ పెద్ద బాధే. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో తడి బూట్లతో నెలల తరబడి నిలబడ్డ వాళ్ళ కాళ్ళ సంగతి చరిత్ర విద్యార్థులకు తెలుసు. వేళ్ళ కొసను ఉబ్బు లేకుండా మూసే ఒక పద్ధతికి అల్లికవాళ్ళు ఇప్పటికీ కిచెనర్ పేరే వాడతారు. అంతకుముందు 1902 నుంచి 1909 దాకా మన దేశంలో సర్వసేనాధిపతిగా ఉన్న ఆ కిచెనరే. ఆయన స్వయంగా సూదులు పట్టాడంటే నేను నమ్మను. పేరు ఆయనది, వేళ్ళు ఇంకెవరో ఆడవాళ్ళవి అయి ఉంటాయి. ఈ పద్ధతిలో రెండు వైపులా మిగిలిన కన్నుల గుండా నూలును కన్ను ఆకారంలోనే పోనిచ్చి ఒక కొత్త వరసను సృష్టిస్తారు. అది కుట్టా, అల్లికా అని మా గదిలో రెండు రాత్రులు వాదన జరిగింది. పుట్టేది వరసే గనక అల్లికేనన్నాను. సూదిలో దారం ఎక్కించావు గనక కుట్టేనన్నాడు మా కెమిస్ట్రీ మిత్రుడు. ఆ గొడవే లేకుండా నేను వేళ్ళ కొస నుంచే మొదలుపెట్టాను. రెండు సూదులు పక్కపక్కన పెట్టి వాటి చుట్టూ నూలు మార్చి మార్చి చుడితే రెండు వైపులా కన్నులు ఒకేసారి పుడతాయి. మూసుకుపోయే పుడుతుంది కాబట్టి ఇక మూసే పని లేదు.

కొక్కెం ఎందుకు పట్టలేదో ఇప్పుడు చెప్తాను. లేసు కన్ను ముడిలా గట్టిగా ఉంటుంది, సాగదు. స్పర్శ లేని పాదం కింద ప్రతి ముడీ ఒక గులకరాయే. రెండు సూదుల అల్లిక మెత్తగా సాగుతుంది. దానికీ ఒకవైపు నునుపు, ఇంకోవైపు గరుకు ఉంటాయి. లోకమంతా నునుపును బయటికి పెడుతుంది. నేను లోపలికి పెట్టాను. మేజోడు తిరగేసి తొడుక్కున్నట్టు కనపడుతుందని అమ్మ మొదట నొచ్చుకుంది.

ఇక మడమ. గొట్టానికి మొత్తం 60 కన్నులు. నా సూదులకు 10 సెంటీమీటర్లకు 28 కన్నులు, నిలువున 40 వరసలు పడ్డాయి. మడమ వచ్చేసరికి సగం, అంటే 30 కన్నుల మీదే అటూ ఇటూ అల్లాలి. ప్రతిసారీ చివర ఒక కన్ను వదిలేసి వెనక్కి తిరగాలి. అలా రెండు వైపులా పదేసి వదిలేసరికి నడుమ 10 మిగులుతాయి, 20 వరసలు పడతాయి. తర్వాత వదిలినవాటిని ఒక్కొక్కటే మళ్ళీ కలుపుకుంటూ ఇంకో 20 వరసలు. తెడ్డులా వెడల్పు నుంచి ఇరుకుకు వచ్చి, ఇరుకు నుంచి వెడల్పుకు పోయే గుడ్డ వస్తుంది. దాని ఏటవాలు పక్కలు పుట్టుకతోనే ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. చూడబోతే మడమ సంచి తయారు.

దీన్ని డెకార్ట్ కళ్ళతో చూశాను. గార్టరు అల్లిక అయి ఉంటే ఏటవాలు సరిగ్గా 45 డిగ్రీలు. ఇరుకు చివర ఉన్న రెండు బిందువుల దగ్గరా 135, 135 కలిసి 270. లోటు 90. అంటే మడమ అనేది మరేం కాదు, తూకపురాళ్ళ పెట్టె మూలలు రెండు! నునుపు అల్లికలో కన్ను వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ గనక ఏటవాలు 54 డిగ్రీల పైన పడి, ఒక్కో మూల లోటు 109 దాకా వచ్చింది.

లోటు ఇక్కడ వచ్చింది సరే, కాని వేళ్ళ కొసలోనే 360 మొత్తం ఖర్చయిపోయింది కదా? ఒకవైపు మూసిన తొడుగుకు అంతకు మించి ఉండకూడదు. మరి మడమ లోటు ఏ ఖాతాలో రాయాలి? ఈ అనుమానంతో ఒక ఆదివారం అన్నానికి కూడా వెళ్ళలేదు. జవాబు చీలమండల దగ్గర ఉంది. మడమ వరసలు మొదలయ్యే చోట, రెండు పక్కలా ఒక్కో బిందువు ఉంటుంది. అక్కడ పాదం గొట్టానిది 180, పిక్క గొట్టానిది 180, పైగా మడమ సంచి పైముక్కవీ కిందిముక్కవీ రెండు కోణాలు అదనం. 360 దాటిపోయింది! ఎంత దాటిందని కూడితే సరిగ్గా మడమలో పోయినంతే. మడమ వెనక రెండు లోట్లు, పక్కన రెండు మిగుళ్ళు. చెల్లుకు చెల్లు. పై చేను తూములో తగ్గిన నీళ్ళు కింది చేలో తేలినట్టు.

ఇది కాగితం మీద తమాషా అనుకోకండి. మిగులు ఉన్న చోట గుడ్డ గుర్రం జీనులా రెండు వైపులకూ వంగాలి. నిజంగా చీలమండ ముందు పాదం అలాగే వంగి ఉంటుంది. కాని మిగులంతా ఒక్క బిందువులో పోగుపడితే అక్కడ గుడ్డ ఒకవైపు లాగుతుంది, ఇంకోవైపు ముడత పడుతుంది. నాన్న కాళ్ళు సాయంత్రానికి వాస్తాయి. అల్లిన మొదటి జత పొద్దున సరిపోయి, సాయంత్రం పాదం పైన అడ్డంగా గీత పడింది. రెండో జతలో మడమకు ముందే రెండు పక్కలా నాలుగేసి కన్నులు మెల్లగా పెంచి, మడమ దాటాక ఆరేడు వరసల్లో మెల్లగా తగ్గించాను. మిగులు ఒక బిందువు నుంచి వేలెడు మేర పరుచుకుంది. గీత పోయింది.

అదే లెక్క మడమ వెనకకూ పనికొచ్చింది. తూకపురాళ్ళ పెట్టెకు ఎంత కష్టపడి పదును తెచ్చానో, ఇక్కడ అంత కష్టపడి దాన్ని మొద్దు చెయ్యాలి. నడుమ 10 కన్నులు మిగిలిస్తే రెండు మూలల మధ్య మూడున్నర సెంటీమీటర్లే. పట్నం మడమకు అది సరిపోతుంది. నలభై ఏళ్ళు వట్టి కాళ్ళతో బురదలో దున్నిన మడమ చదునుగా, వెడల్పుగా, నెర్రెలుబారి ఉంటుంది. నడుమ 14 మిగిల్చి మూలల్ని ఎడం చేశాను. వరస వరసకూ కాక కొన్ని చోట్ల నాలుగు వరసలకు ఒక కన్ను వదిలి, లోటును ఒక్కచోట పోగుపడనివ్వకుండా ఏటవాలు పొడుగునా చల్లాను. మూల ఉంది, వేలితో వెతికితే దొరకదు.

వెనక్కి తిరిగిన ప్రతిచోటా చిన్న కంత పడుతుంది. దాన్ని పూడ్చడానికి పక్క కన్నుకు నూలు ఒక చుట్టు వేస్తారు. ఆ చుట్లన్నీ ఏటవాలున గింజల్లా లేస్తాయి. అతుకు తీసేసి దాని బదులు గింజల వరస పెడితే ఒరిగిందేమిటి? జర్మనుల పద్ధతి ఒకటి ఉంది. చుట్టు వెయ్యకుండా నూలును గట్టిగా పైకి లాగి, ఆ కన్నునే రెండు కాళ్ళుగా సాగదీసి, తర్వాత రెండు కాళ్ళనూ కలిపి ఒకటిగా అల్లడం. గింజ దాదాపు పోతుంది. పోయిందో లేదో తేల్చడానికి నాకు కొలత దొరకలేదు. మైక్రోమీటరుతో బిగిస్తే నూలు అణిగిపోతుంది. అమ్మ మేజోడును లాక్కుని, లోపలి వైపు చెంపకు ఆనించి అటూ ఇటూ రుద్దింది. ఎగుమతి సరుకు చూసేటప్పుడు వాళ్ళు చేసే పరీక్షే. "ఇదిగో, ఇక్కడ రెండున్నాయి" అంది. భూతద్దంతో చూస్తే రెండే ఉన్నాయి. విప్పి మళ్ళీ అల్లాను.

ఒక జతకు నాకు పద్దెనిమిది గంటలు పడుతోంది, రాత్రి భోజనాల తర్వాత వారం, పది రోజులు. నూలు ఖర్చు కొన్న జత కంటే ఎక్కువే. అమ్మ కూలి లెక్కన కడితే మాత్రం చాలా చవక, అది ఆవిడే నవ్వుతూ కట్టి చెప్పింది. నాన్న ఎనిమిది నెలలుగా తొడుగుతున్నాడు. రాత్రి అమ్మ లాంతరు పెట్టినట్టు టార్చి పెట్టి పాదాలు చూస్తుంది. ఇప్పటిదాకా కొత్త పుండు లేదు. అది మేజోళ్ళ వల్లనే అని నేను అనను. రబ్బరు చెప్పులున్నాయి, అమ్మ టార్చి ఉంది, ఒక్క మనిషి రెండు కాళ్ళతో ప్రయోగం పూర్తయిందని ఏ సైన్సు విద్యార్థీ అనకూడదు. అతుకు లేని జతల కోసం ఊళ్ళో ఇంకో ముగ్గురు కబురు పెట్టారు. ముగ్గురి పాదాల కొలతలూ దారంతో తీసి పంపమన్నాను. పాదం చుట్టు, చీలమండ చుట్టు, మడమ వెడల్పు, అవీ సాయంత్రం వాచినప్పుడు తీసినవి.

ఉతికేకొద్దీ నూలు నిలువున కుదించుకుంటోంది. అలాగైతే ఏటవాలు కోణం మారి, మడమ లోటు తగ్గాలి. ఎంత తగ్గుతుందో చూద్దామని నాలుగో జతను ముందే వేడినీళ్ళలో మూడుసార్లు ఉతికి, ఆరబెట్టి, స్కేలు పెట్టి కొలుస్తున్నాను. ప్రస్తుతానికి హాస్టలు డాబా మీద తీగకు వేలాడుతున్నవి అవే. దయచేసి ఎవరూ తియ్యకండి.